మూడాకుల రుజువు

సాంబ్రాణి కొండ అడవిలో కుందేళ్లు, ఉడుతలు, ముళ్లపందులు, ఒక గర్విష్ఠి నెమలి ఉండేవి. ఒక ఎండాకాలం కార్చిచ్చు వచ్చి అడవిని ఇంచుమించు అంతా మింగేసింది. గూళ్లు, బొరియలు పోయినవాళ్లకి అందరి కోసం దాచిన కొట్టులోని వెదురు బియ్యం రోజుకో గుప్పెడు ఇమ్మని అడవి పెద్దలు చెప్పారు. పంచే పని నెమలికి అప్పగించారు.

ఆ పెత్తనం నెమలి తలకెక్కింది. "ఊరికే పెడితే సోమరులైపోతారు. రోజూ పని వెతకాలి. వెతికినట్టు రుజువుగా మూడు చెట్ల నుంచి మూడాకులు తెచ్చి చూపించాలి" అని రూలు పెట్టింది.

పని ఎక్కడుంది? అంతా బూడిదే కదా! అయినా పాపం అందరూ పొద్దున్నే లేచి ఆకుల కోసం పరుగులు పెట్టారు. మిగిలిన నాలుగు చెట్లూ బోడిగుండ్లయ్యాయి. పని మాత్రం ఒక్కరికీ దొరకలేదు.

చెంగి అనే కుందేలు మంటల్లో మొగుణ్ణి పోగొట్టుకుంది. దానికి ముగ్గురు పిల్లలు. ఆకులు ఏరి ఏరి ప్రాణం విసిగిపోయింది. ఒకరోజు వాగు ఒడ్డున ముసలి ముళ్లపంది అవ్వ చేదుదుంపలు తవ్వుతూ కనిపించింది. ఆ దుంపలు పచ్చివి తింటే గొంతు మండిపోతుంది. అవ్వ వాటిని పలుచగా తరిగి, బుట్టలో పెట్టి, పారే నీళ్లలో నాలుగు రోజులు ఉంచేది. చేదంతా పోయేది.

"అవ్వా, నాకు నేర్పుతావా?"

"నేర్పకేమే పిల్లా! దుంప తీగని గుర్తుపట్టడం, చేదు పోగొట్టడం వచ్చేసరికి నెల పడుతుంది. రోజూ పొద్దున్నే రావాలి మరి."

చెంగి సంబరంగా నెమలి దగ్గరికి పరుగెత్తింది.

"దొరా, పని నేర్చుకుంటున్నాను. ఒక్క నెల ఆకులు తేలేను. ఆ తర్వాత మీ బియ్యమే నాకక్కర్లేదు."

"నేర్చుకోవడం పని వెతకడం ఎలా అవుతుంది? ఆకులు లేకపోతే బియ్యం లేదు."

"పని రానిదే పని ఎవరిస్తారు దొరా?"

"అదంతా నాకు తెలియదు. రూలు రూలే" అని నెమలి పింఛం దులుపుకుంది.

చెంగికి ఒళ్లు మండిపోయింది. ఆకులకి వెళ్తే పాఠం పోతుంది. పాఠానికి వెళ్తే పిల్లలు పస్తులుంటారు. ఈ మొద్దుకి ఎలా చెప్పాలి? తల బాదుకుంటూ వాగు దగ్గరికి వచ్చి భోరున ఏడ్చింది.

"ఊరుకోవే. ఈ నెల మీ నలుగురి తిండీ నాది. నువ్వు తీగ మీద దృష్టి పెట్టు" అంది అవ్వ.

నెల తిరిగేసరికి చెంగికి పని వచ్చేసింది. ఆ తర్వాత మరో నాలుగు కుందేళ్లకి తిండి పెట్టి నేర్పించింది కూడా.

అక్కడ కొట్టు దగ్గర మిగిలినవాళ్లకి ఏ పనీ రాదు. రోజూ అందరూ ఆ బియ్యం మీదే పడ్డారు. వానలు మొదలయ్యేనాటికి కొట్టు ఖాళీ. ఆకలేసిన నెమలి, "దుంప తవ్వడమూ ఒక విద్యేనా!" అని ఒకటి పీకి పచ్చిదే మింగింది. గొంతు భగ్గుమంది. రెండు రోజులు నోరు పెగల్లేదు.

మూడో రోజు పొద్దున అది తల వంచుకుని చెంగి ముంగిట్లో నిలబడింది. దాని ముక్కున మూడాకులున్నాయి.

చెంగికి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.

"అవి అవతల పారేయండి దొరా. ఇక్కడ ముందు తిండి, తర్వాత పాఠం. కూర్చోండి."

నీతి: ఆకలిగొన్నవాడికి కూడు పెట్టడమే కాదు, వాడు పని నేర్చుకునేదాకా ఆ కూడు ఆపకపోవడమే అసలైన సాయం.