నక్క తెచ్చిన ఉప్పుగడ్డలు

ఇప్పపూలు రాలే రోజుల్లో ఆ లోయకి మెలకువ తక్కువ. తెల్లవారుజామున పూలు టపటపా రాలుతుంటే, ఆ తీపి వాసనకి దుప్పులు నడుస్తూనే కునుకు తీసేవి. వాటికి పెద్ద దిక్కు చుక్కమ్మ. కళ్లు మూస్తే చాలు, ఆమెకి తెల్లటి ఉప్పుకొండలు కలలోకి వచ్చేవి. లోయలో పూలకి కొదవ లేదు, ఉప్పే కరువు. నాకడానికి ఉప్పు చాలక ఆమె కూన కాళ్లు నిలదొక్కుకోలేకపోతోంది.

పక్క గుట్టలో ఉండే ఏదుపంది అప్పలసూరి ఉప్పుమన్ను తవ్వి తెచ్చి, బదులుగా పూలు పట్టుకెళ్లేవాడు. ఎవరి లోయలోకి సరుకు తెచ్చినా కనుమ దగ్గర అయిదో వంతు ఆ లోయవాళ్లకి వదలాలన్నది అడవి ఆచారం. అది వదిలాక గిట్టుబాటు కాదని అతను తెచ్చేదే కొంచెం, ఆ కొంచెమూ గొణుక్కుంటూ తెచ్చేవాడు. ఎవరో ఒకరికి ఆ వాటా మాఫీ చేస్తే ఉప్పు ఎక్కువ వస్తుందని దుప్పులన్నీ అనుకున్నాయి. ఎవరికి చేయాలన్నది చుక్కమ్మకే వదిలేశాయి.

సరిగ్గా అప్పుడే నక్క కొండబాబు వచ్చాడు. కూనని ముద్దుచేశాడు, చుక్కమ్మ చుక్కల్ని మెచ్చుకున్నాడు.

"మా వైపు కొండలన్నీ ఉప్పే వదినా. వెన్నెల పడితే అవి కొండలో మబ్బులో తెలీదు. నాకొక్కడికి వాటా మానెయ్యి, మిగతావాళ్లకి సగం పెట్టు. ఉప్పు సంగతి నేను చూసుకుంటాను."

అచ్చం తన కలే. పిచ్చితల్లి, ఆ కొండలు ఎక్కడని కూడా అడగలేదు.

సగం వాటా అనగానే అప్పలసూరి కనుమ దగ్గరే వెనుదిరిగాడు. కొండబాబు మాత్రం ఉప్పుగడ్డలు తెస్తూనే ఉన్నాడు. మొదట గడ్డకి ఒక దొప్పెడు పూలు అడిగాడు, తర్వాత మూడు, ఆ తర్వాత ఆరు. పూలు తరిగిపోయాయి, దొరికే ఉప్పూ తగ్గింది, కూన లేవడమే మానేసింది.

ఒక పొద్దున కూన గడ్డ నాకుతూ కెవ్వుమంది. పెదవికి నలుపూ తెలుపూ చారల ఏదుపంది ముల్లు గుచ్చుకుంది. చుక్కమ్మ మత్తంతా దిగిపోయింది. వాగు దాటి గుట్టకి పరిగెత్తింది.

నక్క రోజూ తన కన్నం దగ్గరికే వచ్చి, ఒక్క దొప్పెడు పూలకి గడ్డ పట్టుకెళ్తున్నాడని అప్పలసూరి చెప్పాడు. "పక్కనే ఉన్నాను కదప్పా," అన్నాడు. "నన్నొక్క మాట అడిగినావా?"

చుక్కమ్మకి సిగ్గుతో తల వాలిపోయింది. "తప్పు నాదే తమ్ముడూ," అంది.

మర్నాడు కొండబాబు వస్తే ఆమె పల్లెత్తు మాట అనలేదు. "ఒప్పందం అలాగే ఉంది మరిదీ. నీ ఉప్పుకొండ ఒక్కసారి మా వాళ్లకి చూపించు, చాలు."

ఇక తప్పక నక్క నడిచాడు, వెనక దుప్పులన్నీ నడిచాయి. మంచులో వాగు చుట్టూ తిప్పి తిప్పి, కాళ్లు లాగి, చివరికి ఒక తెల్లటి గొయ్యి దగ్గర ఆగాడు. "ఇదే మాది," అన్నాడు.

"ఎవడిదిరా?" అంటూ గోతిలోంచి అప్పలసూరి ముళ్లు విదిల్చుకుంటూ లేచాడు.

కొండబాబు ముక్కునిండా ముళ్లతో, ఒక్క పువ్వయినా లేకుండా పారిపోయాడు. ఆ రోజు నుంచి వాటా లేని దారి అప్పలసూరిదయింది. పది రోజులకి కూన తనంతట తానే వాగు దాటింది.

ఎవరికైనా వాకిలి తెరిచేముందు, తెచ్చిన సరుకు ఎవరు తవ్విందో కనుక్కోవాలి.