మగబిడ్డల పండు

మీ ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టని రోజుల్లో కుంభగిరి రాజ్యాన్ని మహీధరుడనే రాజు ఏలేవాడర్రా. ఆయన భార్య సుగంధిని. రాజుకి ఒక్కటే పట్టు. కూతురు వద్దు, కొడుకే కావాలి.

ఆ మాట ఏడు సముద్రాల అవతల ఉండే భస్మాక్షుడనే మాంత్రికుడి చెవిన పడింది. వాడు ఎర్రటి పండు ఒకటి పట్టుకుని వచ్చాడు.

"రాజా, రాణిగారు నెల తప్పకముందే దీన్ని తినాలి. మగబిడ్డే పుడతాడు. కానీ ఒక్కమాట. నా పండు తప్పిందని ఎవరైనా నోటితో అన్నారో, ఆ బిడ్డ అక్కడికక్కడే రాయైపోతుంది!"

రాణి పండు తింది. నెలలు నిండాయి. పుట్టింది ఆడపిల్ల!

మంత్రసాని రాణి మొహంకేసి చూసింది. రాణి బిడ్డని గుండెకి హత్తుకుని, "మగబిడ్డ అని చెప్పు" అంది. కోటలో నగారాలు మోగాయి. ఉదయుడని పేరు పెట్టారు. మనకి నిజం తెలుసు కాబట్టి ఉదయ అందాం.

రాజుగారికే ఫలించిందని జనం ఆ పండు కోసం ఎగబడ్డారు. ఆవునిచ్చి కొన్నారు, పొలమిచ్చి కొన్నారు, మెడలో గొలుసిచ్చి కొన్నారు. ఏ ఇంట చూసినా మగబిడ్డే! రాజ్యంలో ఆడపిల్ల అన్న మాటే వినపడలేదు.

పద్దెనిమిదేళ్ళు గడిచాయి. రాజు కాంచనపురం రాకుమార్తెతో "కొడుక్కి" పెళ్ళి నిశ్చయించాడు. ఉదయ తల్లి దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, ఇంకో ఆడపిల్ల గొంతు నేను కొయ్యలేను. ఆ మాంత్రికుడి సంగతేదో తేల్చుకొస్తాను."

దారిలో వలలో చిక్కిన తాబేలుని విడిపించింది. ఉచ్చులో పడ్డ ముంగిసని విడిపించింది. ఆకలితో సొమ్మసిల్లిన ఎలుకకి తన అటుకుల మూట విప్పి పెట్టింది.

"భస్మాక్షుడి ప్రాణం వాడిలో లేదమ్మా. ఏడో సముద్రం అవతల దీవిలో, ఒక చిలకలో ఉంది" అంది తాబేలు. ఉదయనీ, ముంగిసనీ, ఎలుకనీ వీపున ఎక్కించుకుని ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది. దీవిలో కాపలా ఉన్న నాగుపాముని ముంగిస చంపింది. పంజరం వేలాడే తాడుని ఎలుక కొరికింది. పంజరం ఉదయ చేతుల్లో పడింది.

"మగబిడ్డే! మగబిడ్డే!" అని అరిచింది చిలక.

"నోర్ముయ్! మా అమ్మ కూడా ఆ పండే తింది. అందులో ఏముందో చెప్పు."

చిలక నీరసంగా చూసింది. "ఏముంటుంది? అడవి మేడిపండు, పైన లక్క రంగు. ఈ ఒక్క అబద్ధమే పలికి పలికి నా గొంతు పుండైంది."

"మరి ఇంతమంది మగపిల్లలు ఎలా పుట్టారు?"

"పుట్టాల్సినవాళ్ళు పుట్టారు, పిల్లా. కొడుకు పుట్టినవాళ్ళు ఊరంతా చాటారు. కూతురు పుట్టినవాళ్ళు మీ అమ్మలాగే దాచారు."

"ఎంతమంది?"

"సగం మంది."

తనొక్కతే అనుకుంది ఉదయ ఇన్నాళ్ళూ! తనతో కర్రసాము నేర్చినవాళ్ళు, తన పక్కన కూర్చుని తిన్నవాళ్ళు, వాళ్ళలో సగం మంది ఇదే భయంతో బతుకుతున్నారా?

"మరి ఆ శాపం?"

"అదీ అబద్ధమే. నా నోట పలికే ఈ అబద్ధంలోనే వాడి ప్రాణం, మీ భయమే వాడికి తిండి. నిజం నలుగురిలో పలికిననాడు వాడు ఉండడు."

చిలక మాట నమ్మొచ్చో లేదో తేలాలంటే ఒకటే దారి. ఉదయ తాబేలు వీపునే సముద్రాలు దాటి, పంజరంతో కొలువుకి వచ్చింది. చిలక పోయిందని తెలిసి వెనకే భస్మాక్షుడు రొప్పుతూ వచ్చిపడ్డాడు.

"రాజా, మీవాడి నోరు మూయించండి! రాయైపోతాడు!"

రాణి పరుగున వచ్చింది. "వద్దు తల్లీ, వద్దు!"

"తల్లీ ఏమిటి?" అన్నాడు రాజు.

"నాన్నగారూ, నేను ఆడపిల్లని."

కొలువులో అందరూ ఉదయ పాదాలకేసే చూశారు, రాయి అక్కణ్ణించే మొదలవుతుందేమోనని. ఉదయ ఒక అడుగు వేసింది. రెండో అడుగు వేసింది. మూడో అడుగు కూడా వేసింది.

భస్మాక్షుడు మోకాళ్ళ మీద కూలాడు.

సేనాపతి కొడుకు భద్రుడు తలపాగా ఊడదీశాడు. జడ నడుం దాకా జారింది. "నేనూ ఆడపిల్లనే!" సేనాపతి తెరిచిన నోరు మూయలేదు. "నేనూ!" అన్నాడు తోటమాలి కొడుకు. గుమ్మం దగ్గర భటుడు బల్లెం పడేసి "నేనూ!" అన్నాడు. ఒక్కో మాటకీ మాంత్రికుడు ఇంత బూడిదై రాలాడు. చివరికి బూడిదే మిగిలింది. చిలక పంజరంలోంచి తుర్రుమంది.

రాజు రాణివైపు తిరిగాడు. "పద్దెనిమిదేళ్ళు! నాకొక్క మాట చెప్పలేదే!"

"చెబితే బిడ్డ రాయవుతుందని భయపడ్డాను ప్రభూ. మీ మనసు రాయవుతుందేమోనని అంతకన్నా భయపడ్డాను."

రాజు సింహాసనం దిగి, కూతురి చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

కాంచనపురం రాకుమార్తె కబురు విని నిర్ఘాంతపోయింది. తర్వాత పగలబడి నవ్వి, "మా అన్నకింకా పెళ్ళి కాలేదు" అని తిరుగు కబురు పంపింది. ఉదయ అతన్ని చూసి, మాట్లాడి, నచ్చాకే ఒప్పుకుంది. ఆ ఏడు కుంభగిరిలో పెళ్ళి బాజాలు ఆగితే ఒట్టు!

ఉదయ మొదటి కాన్పు రోజున మహీధరుడు గది బయట పచార్లు చేస్తున్నాడు. మంత్రసాని తలుపు తీసి "ప్రభూ, పుట్టిన బిడ్డ..." అనబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. ముందు నా కూతురు ఎలా ఉందో చెప్పు."

తల్లీ బిడ్డా క్షేమమే. ఉదయ నలభై ఏళ్ళు చల్లగా రాజ్యం ఏలింది. ఇక లేవండర్రా, అన్నాలు చల్లారిపోతున్నాయి.