చాందినీ ఎడమ కన్ను

చీరాల స్టేషను ముందుకు ఆటోలింకా రాని రోజుల్లో, అక్కడి జట్కా స్టాండులో దస్తగిరి అనే బండివాడు ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, గుర్రాల సంగతి తనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదనుకునేవాడు.

ఆ రోజులే వేరు. రైలు దిగే జనం కోసం పది బండ్లు బారుగా నిలబడేవి. పచ్చగడ్డి వాసన, మువ్వల చప్పుడు, "పేరాల! పేరాల!" అంటూ పక్క ఊరి పేరుతో కేకలు. ఆ బండ్లన్నిటిలో దస్తగిరి తెల్లగుర్రం చాందినీ అంటే ఊరికంతా ముద్దు. బడికెళ్ళే ఆడపిల్లలు దాని నుదురు నిమిరిగానీ బండెక్కేవారు కాదు.

ఒక ఎండాకాలం చాందినీకి కళ్ళకలక వచ్చింది. రెండు కళ్ళూ ఎర్రబడి పుసులు కట్టాయి. పశువుల డాక్టరు పూర్ణచంద్రరావు గారు చూసి ఒక ట్యూబు మందు ఇచ్చారు. నాలుగు రోజుల్లో నయమైంది. మిగిలిన మందును దస్తగిరి దాచిపెట్టాడు.

చలికాలంలో ఒకరోజు మేత మేస్తుంటే గడ్డిపుల్ల గుచ్చుకుని చాందినీ ఎడమ కన్ను మూసేసుకుంది. కన్ను ఎర్రబడి ధారగా నీళ్ళు కారాయి. వెలుతురు పడితే చాలు, తల తిప్పేసుకునేది.

"ఒకసారి డాక్టరు గారికి చూపించరాదూ?" అంది భార్య ఖాసింబీ.

"కన్నెర్రబడితే ఏ మందెయ్యాలో నాకు తెలీదా? ఉందిగా ట్యూబు!" అన్నాడు దస్తగిరి.

మూడు పూటలా ఆ మందే రాశాడు. ఐదో రోజుకు నల్లగుడ్డు మీద పాలు కలిపినట్టు మసక కమ్మింది. ఆ సాయంత్రం బడిపిల్లలను తీసుకొస్తుంటే, రైల్వే గేటు దగ్గర ఎడమవైపున్న ఎడ్లబండి చాందినీకి కనబడలేదు. రెండు బండ్ల చక్రాలు ఒరుసుకున్నాయి. పిల్లలు కెవ్వుమన్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, ఆ కంటికి చూపు ఆనడం లేదని దస్తగిరికి అర్థమైంది. పిల్లలను ఇళ్ళకు చేర్చి, బండి విప్పేసి, గుర్రాన్ని నడిపించుకుంటూ పశువుల ఆసుపత్రికి వెళ్ళాడు.

డాక్టరు గారు రంగు మందు అద్దిన కాగితపు ముక్కను తడిపి కంటికి తాకించి, నీళ్ళతో కడిగారు. నల్లగుడ్డు మీద పెసరగింజంత చోటు పచ్చగా మెరిసింది.

"ఇది కలక కాదు దస్తగిరీ. కలకైతే రెప్పల లోపలి పొర ఎర్రబడుతుంది. ఇది నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొరకు పడ్డ పుండు. ఏమైనా మందు వేశావా?"

లేదనాలని నాలుక చివరిదాకా వచ్చింది. స్టాండులో తన పరువు గుర్తొచ్చింది. అంతలో చాందినీ అతని భుజానికి మూతి ఆనించింది. దస్తగిరి దాని మెడ నిమిరాడు. జేబులోంచి ట్యూబు తీసిచ్చాడు.

"పోయినసారి మీరిచ్చిందే బాబూ. నాకు తెలుసనుకున్నాను. మిమ్మల్ని అడగలేదు."

"ఇది వాపు తగ్గించే మందు. అప్పటి కలకకు సరిపోయింది. పుండు మీద రాస్తే మానకపోగా ఇంకా లోతుకు దిగుతుంది. ఇంకో రెండు రోజులు రాసుంటే కన్ను పోయేది. దాచకుండా చెప్పావు, మేలు" అన్నారు డాక్టరు గారు.

మూడు వారాలు దస్తగిరి బండి కట్టలేదు. కొట్టంలోకి ఎండ రాకుండా గోనెపట్టాలు కట్టాడు. ఈగలు తోలుతూ, గంటగంటకూ కొత్త చుక్కల మందు వేస్తూ, "తప్పు నాదేనే తల్లీ" అని దాని చెవిలో చెప్పుకునేవాడు. కన్ను దక్కింది. చిన్న తెల్లమచ్చ, ఆ వైపు చూపులో కాస్త మసక మాత్రం ఉండిపోయాయి.

ఆ తర్వాత స్టాండులో సాటి బండివాడు నాగూరు తన గుర్రానికి కన్నెర్రబడిందని, అలాంటి పాత ట్యూబు ఉంటే ఇమ్మని అడిగాడు. దస్తగిరి ఆ గుర్రం కళ్ళెం అందుకుని, "పద, డాక్టరు గారికి చూపిద్దాం" అన్నాడు.

ఇప్పుడా స్టాండు లేదు, ఆ మువ్వల చప్పుడూ లేదు. ఆనాటి ఆడపిల్లలు అమ్మమ్మలయ్యారు. గేటు దాటేముందు తెల్లగుర్రం తల పూర్తిగా ఎడమకు తిప్పి చూసుకునేదని, అంతవరకూ దస్తగిరి ఓపిగ్గా ఆగేవాడని మనవరాళ్ళకు చెబుతుంటారు.

నీతి: ఒకసారి నయం చేసిన మందు ప్రతిసారీ మందు కాదు, తెలియనిది అడగడం చిన్నతనం కాదు, అడగకుండా నోరులేని జీవిని బాధపెట్టడమే తప్పు.