మేత అడగని చిలుకలు

చిలుకలు మనుషులతో కలిసి మాట్లాడే రోజుల్లో, అనగనగా ఒక కొండసీమ. ఆ సీమలో అయిదు పల్లెలు. పల్లెకీ పల్లెకీ మధ్య ఒక కొండో, ఒక వాగో అడ్డం.

ఒక పల్లె నుంచి ఇంకో పల్లెకు కబురు పంపాలంటే పోలయ్యే దిక్కు. కబుర్లు మోయడమే అతని పని. మాట చెబితే మూట కట్టుకున్నట్టు మనసులో పెట్టుకుని, కొండదారిన నడిచి వెళ్లి, చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పేవాడు. కబురుకి సోలెడు బియ్యం పుచ్చుకునేవాడు. పోయి రావడానికి రెండు రోజులు పట్టేది. వాన పడితే మూడు.

ఒకనాడు ఆ సీమకు సుముఖుడనే వర్తకుడు వచ్చాడు. అతని వెంట బండ్లు, బండ్ల నిండా పంజరాలు, పంజరాల నిండా పచ్చని చిలుకలు. సంతలో బండి ఎక్కి నిలబడి, చిరునవ్వుతో ఇలా అన్నాడు:

“అమ్మలారా, అయ్యలారా! ఇంటికొక చిలుకను తీసుకోండి. మీ మాట దాని చెవిన వేస్తే చాలు. పొయ్యి మీద అన్నం ఉడికేలోగా అవతలి పల్లెలో చెప్పి, జవాబు తెస్తుంది.”

“వెల ఎంత బాబూ?” అని ఒక ముసలమ్మ అడిగింది.

“వెలా? ఒక్క గవ్వ కూడా వద్దు అవ్వా. మేత కూడా మీరు పెట్టనక్కర్లేదు. పొద్దు వాలగానే నా మేడకు వచ్చి జామపండు తింటుంది. తెల్లారేసరికి మళ్లీ మీ చూరు మీద ఉంటుంది.”

వెల లేదంటే వద్దనేదెవరు? మూడు సంతలు తిరిగేసరికి అయిదు పల్లెల్లోనూ చిలుక లేని ఇల్లు లేదు.

నిజం చెప్పుకోవాలి. ఆ చిలుకలు మేలు కూడా చేశాయి. ఎగువన వాగు పొంగితే దిగువ పల్లెకు ముందే తెలిసేది. కాన్పు కబురు అత్తవారింటికి ఆ పూటే చేరేది. రెండు రోజులు నడిచి వచ్చే పోలయ్యను ఇక ఎవరు పిలుస్తారు? పాపం, అతడు కట్టెలు కొట్టుకుని బతకసాగాడు.

తొలకరి పడిన వారానికి, తేనెపాడులో ఎర్రన్న అనే రైతు ఎద్దు చచ్చిపోయింది. “అదను దాటిపోతుందిరా, ఎంతైనా సరే ఎద్దు కొనాలి” అని తమ్ముడికి చిలుకతో కబురు పెట్టాడు. మర్నాడు పొద్దున్నే సుముఖుడి మనిషి ఒక ఎద్దును తోలుకొచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. వెల మామూలుకు రెండింతలు. “అడగకుండానే దేవుడు పంపాడు” అనుకుని ఎర్రన్న కొన్నాడు.

అదే ఊళ్లో సూరమ్మ అని, జమ్ముతో చాపలు అల్లే ఆవిడ ఉండేది. ఆమెకు గౌరి అని ఒక్కతే కూతురు. రెండు కొండల అవతల రేగులపాడులో మాణిక్యమని సూరమ్మకు ప్రాణస్నేహితురాలు ఉంది. గౌరికి చెవులు కుట్టించిన నాడు మాణిక్యం రాలేదు. సూరమ్మ చిలుకతో ఒక కబురు పంపింది. “నేనేం కావాలని మానానా?” అని జవాబు వచ్చింది. అంతే. ముందూ లేదు, వెనకా లేదు. సూరమ్మకు ఒళ్లు మండింది. ఆమె ఒకటి అంది, ఈమె ఒకటి అంది. చిలుకలు అటూ ఇటూ ఎగిరాయి. మూడో రోజుకు ఇద్దరికీ మాటల్లేవు.

ఆ తర్వాత గౌరికి విషజ్వరం వచ్చింది. రేగులపాడు వైద్యుడికి సూరమ్మ చిలుకతో కబురు చేసింది. “నేలవేము కషాయం పట్టించు. ఆకు మీ కొండ మీదే ఉంటుంది” అని ఆయన చెప్పి పంపాడు. అప్పటికే పొద్దు వాలింది. తెల్లవారగానే సూరమ్మ కొండెక్కింది. ఎక్కడా ఒక్క మొక్క లేదు. కోసిన మొదళ్లే ఉన్నాయి. తిరిగి వచ్చేసరికి సుముఖుడి మనిషి ఆకు బుట్టతో వీధిలో ఉన్నాడు.

“నేలవేమమ్మా, నేలవేము! పిడికెడు ఆకు, జత వెండి కడియాలు!”

సూరమ్మ ఇంట్లోకి పరుగెత్తింది. కూతురి కాళ్ల కడియాలు తీసి ఇచ్చింది. అయిదో నాటికి జ్వరం దిగింది. పిల్ల లేచి గంజి తాగింది. అప్పుడు గానీ సూరమ్మకు ఆలోచించే తీరిక దొరకలేదు. “నాకు నేలవేము కావాలని అతనికెలా తెలిసింది?”

గౌరి బాగా కోలుకున్నాక, వైద్యుడికి ఒక మంచి చాప ఇచ్చి వద్దామని సూరమ్మ రేగులపాడు వెళ్లింది. ఊరి మొగలో నీళ్ల బిందెతో మాణిక్యం ఎదురైంది.

“నేను రాలేదని మనసు చివుక్కుమందని అన్నదానివి, ఇప్పుడు మా ఊరెందుకొచ్చావు?” అంది మాణిక్యం.

“అంతేనా నేనన్నది? నీ కాళ్లనొప్పులు నాకు తెలియవా, తగ్గాక రా, నీకోసం అరిసెలు దాచాను అని కూడా అన్నానే!”

మాణిక్యం బిందె కింద పెట్టేసింది. “ఆ మాట నాకు చేరలేదే తల్లీ. నేను మాత్రం ఏమన్నాను? కావాలని మానానా, నీకంటే నాకెవరెక్కువ అన్నాను.”

“నాకు మొదటి ముక్కే వచ్చింది.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సూరమ్మ ఎర్రన్న ఎద్దు సంగతి, నేలవేము సంగతి చెప్పింది. మాణిక్యం నెమ్మదిగా అంది: “మనం కబురు పంపుతున్నామని అనుకుంటున్నాం. అది ఇంకో చోటికి కూడా పోతోందే!”

“అయితే తేల్చుకుందాం” అంది సూరమ్మ.

ఇంటికి రాగానే చిలుకను పిలిచి, “మాణిక్యం! బండెడు తుమ్మముళ్లు కావాలంటే ఎక్కడ దొరుకుతాయే?” అని కబురు పెట్టింది. ఎర్రన్న చేత, ఇరుగమ్మ చేత కూడా అదే అడిగించింది.

సంత రోజు వచ్చింది. సుముఖుడి బండ్లు రెండు దిగాయి. వాటి నిండా తుమ్మముళ్లు! కట్టకు ఇంత అని వెల కట్టి పెట్టారు. జనం విరగబడి నవ్వారు.

సూరమ్మ ముందుకు వెళ్లి మర్యాదగా అడిగింది. “ఇవెందుకు తెచ్చారయ్యా?”

“మీకు కావాలి కదమ్మా!”

“కావాలని తమకెవరు చెప్పారు?”

సుముఖుడు ముళ్లకట్టలు సర్దసాగాడు. సూరమ్మ తన చిలుకను ముంజేతి మీదికి పిలిచింది.

“నా మాటలు ఈయనకు చెబుతున్నావా?”

“చెబుతున్నానమ్మా, రోజూ సాయంత్రం. చెబితేనే జామపండు.”

“మరి నా మాట సగమే మోశావేం?”

“మెత్తటి మాట మోస్తే ఒక్క జవాబు వస్తుంది. గుచ్చే మాట మోస్తే పది వస్తాయి. ఎన్ని మాటలు మోస్తే అన్ని పళ్లు.”

“ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదే?”

చిలుక తల పక్కకు వాల్చింది. “నువ్వు అడగలేదు కదమ్మా!”

ఎర్రన్న దుడ్డుకర్ర ఎత్తాడు. సూరమ్మ అతని చేయి పట్టుకుని ఆపింది. “అన్నా, ఆగు. చిలుక తప్పేముంది? ఎవరు మేత పెడితే వాళ్ల మాటే వింటుంది.”

సుముఖుడు గొంతు సవరించుకున్నాడు. “నేనెవరినీ బలవంతం చేయలేదు. చేతులు చాచి తీసుకున్నది మీరే.”

“నిజమే” అంది సూరమ్మ. “తీసుకున్నది మేమే. కానీ వెల లేదన్నారు చూశారూ, అదే అబద్ధం. నా బిడ్డ జ్వరాన్ని నాకే అమ్మారు. వెల ఇదీ అని ముందే చెప్పి ఉంటే, కావాలో వద్దో నేనే తేల్చుకునేదాన్ని కదా!”

సుముఖుడు ముళ్ల బండ్లను వెనక్కి తిప్పించాడు.

చిలుకలను ఊళ్లలోంచి తరిమేయమని కొందరన్నారు. “వద్దు” అంది సూరమ్మ. “వాగు పొంగితే కబురెవరు తెస్తారు? చిలుకలు ఉండనీయండి. మేత మాత్రం మనమే పెట్టుకుందాం.”

ఆ వానల్లోనే అయిదు పల్లెల పెరళ్లలో జామమొక్కలు నాటారు. అవి కాపుకొచ్చేదాకా సంతలో పళ్లు కొని పెట్టారు. ఇంటివాళ్ల మేత తిన్న చిలుకలు మాట పూర్తిగా మోశాయి. సాయంత్రమైతే ఇంటి చూరు కిందే పడుకున్నాయి. గుట్టుగా చెప్పుకోవలసిన మాటలుంటే జనం మళ్లీ పోలయ్యను పిలిచి, సోలెడు బియ్యం సంతోషంగా కొలిచి ఇచ్చారు.

గౌరి కడియాలు మాత్రం తిరిగి రాలేదు. పోయింది పోయింది.

అందరూ మారారా అంటే, లేదు. “రోజూ పళ్లు ఎవరు కొంటారు?” అని కొందరు చిలుకను సుముఖుడి మేతకే వదిలేశారు. వాళ్లనెవరూ తప్పుపట్టలేదు. కాకపోతే, చిలుక వాలి ఉన్నప్పుడు ఏ మాట అనాలో, ఏ మాట మింగాలో వాళ్లకిప్పుడు తెలుసు.

బిడ్డలారా, ఊరికే ఇస్తామని ఎవరన్నా అంటే పుచ్చుకోవచ్చు, మానుకోవచ్చు. కానీ దాని వెల ఎవరు, ఏ రూపంలో చెల్లిస్తున్నారో ముందుగా అడిగి తెలుసుకున్నవారే మోసపోకుండా ఉంటారు.