పచ్చదీపం

అనగనగా సముద్రపొడ్డున ఒక పేట ఉండేదమ్మా. పేట అంటే ఎంతని, ఇసుకలో నాలుగు వరసల ఇళ్ళు, ఇళ్ళ ముందు ఆరేసిన వలలు, ఎప్పుడు చూసినా ఎండుచేపల వాసన. ఆ పేటలో నూకరత్నం అని ఒక పిల్ల. నీకంటే కాస్త పెద్దది.

నూకరత్నం వాళ్ళ అయ్య పేరు పోలయ్య. ఆయన పడవకి చుక్కాని పట్టేవాడు. ఆయన తమ్ముడు దానయ్య పడవ ముందు కొసన కూర్చుని, నీళ్ళలోకి చూస్తూ దారి చెప్పేవాడు. ఈ దానయ్యకి నూకరత్నమంటే ప్రాణం. పడవ దిగీదిగగానే తడిచేతులతో దాని బుగ్గలు రెండూ పట్టుకునేవాడు. అది "ఛీ, కంపు సిన్నయ్యా!" అని పరిగెత్తేది. ఆయన వెంటపడేవాడు.

ఆ పేటకి పడవ చేరాలంటే రెండు నల్లరాళ్ళ మధ్యనుంచే చేరాలి. వేరే దారి లేదు. ఒడ్డున స్తంభం మీద ఒక దీపం ఉండేది. పోలయ్య ఆ దీపం మీదే చూపు నిలిపి, కెరటం లేచే అదను కనిపెట్టి, సూదిలో దారం ఎక్కించినట్టు పడవని ఆ సందులోంచి తెచ్చేవాడు.

అప్పుడు అమ్మవారి పండగ వచ్చింది. బొమ్మల కొట్లు, పీపీ బూరలు, రంగులరాట్నం. ఒక కొట్లో వేలెడంత గొట్టం ఒకటి ఉంది. మీట నొక్కితే పచ్చటి వెలుగు బాణంలా దూసుకుపోయి, ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టు మొవ్వులో చుక్కై నిలబడింది. లేజరు లైటు అన్నాడు కొట్టువాడు. పిల్లల ఆటవస్తువే, ఏం కాదన్నాడు. నూకరత్నం అక్కడే పాతుకుపోయింది. చిన్నాన్న దానయ్య నవ్వి కొనిపెట్టాడు. పేటలో ఇంకొందరు పిల్లలూ కొనిపించుకున్నారు.

ఆ మర్నాడు నూకరత్నం ఆ చుక్కని పిల్లి మీద పరిగెత్తించింది. పిల్లి చుక్క కోసం ఎగిరింది, గోడకి కొట్టుకుంది, మళ్ళీ ఎగిరింది. చుట్టూ చేరినవాళ్ళు పడీపడీ నవ్వారు. పెద్దవాళ్ళూ నవ్వారమ్మా. ఒక్కరైనా వద్దనలేదు.

ఆ తర్వాత స్నేహితురాలు మంగతో కలిసి రోడ్డు మలుపు దగ్గరకి వెళ్ళింది. పొద్దుగూకుతూ ఉంది. పట్నం నుంచి బస్సు వస్తూ ఉంది.

"డ్రైవరు మీదెయ్యే, ఏటి సేత్తాడో సూద్దాం" అంది మంగ.

నూకరత్నం మీట నొక్కింది. అంతే, బస్సు కుయ్యోమని అరిచి, రోడ్డు దిగి, ఇసుకలో ఒరిగి ఆగింది. లోపల ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒకావిడ పెదవి చిట్లి రక్తం కారింది. డ్రైవరు కళ్ళు మూసుకుని తడుముకుంటూ దిగాడు.

"ఎవర్రా అది? కళ్ళలో నిప్పులు పోసినట్టయింది! కాలవ ఇటుపక్కనుంటే ఇంతమందీ ఏమైపోదురు?" అని అరిచాడు.

నూకరత్నం బోర్లించిన పడవ వెనక నక్కి, ఏడుపు బయటికి వినపడకుండా నోట్లో గుడ్డ కుక్కుకుంది. ఇంకెప్పుడూ ఇలా చెయ్యకూడదనుకుంది. ఆ గొట్టాన్ని బియ్యం డబ్బా వెనక దాచేసింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఎంత బాగుండేది తల్లీ.

అప్పుడు ఒకరోజు పడవ రావడం ఆలస్యమైంది. గాలి తిరిగింది. సముద్రం పొంగుతూ ఉంది. మిగతా పడవలన్నీ వచ్చేశాయి, పోలయ్య పడవ ఒక్కటే రాలేదు. తల్లి కాసులమ్మ ఒడ్డున నిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని చూస్తూ ఉంది. దానయ్య పెళ్ళాం సత్తెమ్మ ఇసుకలో చతికిలబడి ఉంది. మసక కమ్ముకుంటూ ఉండగా దూరాన పడవ కనిపించింది.

నూకరత్నానికి ఆనందం ఆగలేదు. ఇంట్లోకి పరిగెత్తి ఆ గొట్టం తెచ్చింది. అందరి వెనకా ఇసుకదిబ్బ ఎక్కింది. మేమంతా ఇక్కడే ఉన్నాం, నీకోసం చూస్తున్నామని అయ్యకి తెలియాలి కదా! పడవ మీదికి గురిపెట్టి మీట నొక్కింది.

ఆ వెలుగు దగ్గర్లో చుక్కంతే ఉంటుందమ్మా. దూరం పోయేకొద్దీ పరుచుకుంటుంది. మసకవేళ కంట్లో పడిందంటే కన్ను నిండిపోతుంది. తీసేశాక కూడా కాసేపు ఇంకేమీ ఆనదు.

పడవ సరిగ్గా రాళ్ళ సందు దగ్గరకి వచ్చింది. "అన్నా, ఎడమకి! ఎడమకి తిప్పు!" అని దానయ్య కేక ఒడ్డుదాకా వినపడింది. పోలయ్యకి స్తంభం దీపం కనబడలేదు. రాయి కనబడలేదు. కెరటం వెనకనుంచి లేపింది. పడవ ముందు కొస నల్లరాతికి కొట్టుకుని పగిలిపోయింది.

మగవాళ్ళు నీళ్ళలోకి దూకారు. పోలయ్యని తెచ్చారు, బతికే ఉన్నాడు. ఆ తర్వాత దానయ్యని తెచ్చి ఇసుకలో పడుకోబెట్టారు. సత్తెమ్మ మొగుడి మొహం మీద ఇసుక తుడుస్తూనే ఉంది. తుడిచి తుడిచి, అప్పుడు అరిచింది.

పేటలో మాటలు మొదలయ్యాయి. కొందరు పోలయ్య తాగి ఉంటాడన్నారు. కొందరు వయసు మీద పడింది, చూపు పోయిందన్నారు. "కళ్ళ ముందు ఏదో మెరిసింది" అన్నాడు పోలయ్య. ఆ సాయంత్రం మెరుపులేవీ లేవే అన్నారు అందరూ. పట్నం తీసుకెళ్ళి కళ్ళు చూపించారు. చూపు నిక్షేపంలా ఉందన్నాడు డాక్టరు. ఆ మాటతో పోలయ్య ఇంకా కుంగిపోయాడు.

"కళ్ళు బాగుంటే మరి నానే కదా సంపుకున్నాను నా తమ్ముణ్ణి" అన్నాడు కాసులమ్మతో. ఆ తర్వాత అన్నం ముట్టడం మానేశాడు. సముద్రం వైపు వీపు పెట్టి కూర్చునేవాడు.

నూకరత్నం ఇదంతా చూసింది. ఒకసారి చెబుదామని అయ్య పక్కన కూర్చుంది. చెప్పకుండానే లేచి వెళ్ళిపోయింది. ఇంకోసారి ఆ గొట్టాన్ని తీసుకెళ్ళి సముద్రంలోకి విసిరేసింది. దాంతో అంతా పోతుందనుకుంది. ఇంటికొచ్చేసరికి అయ్య అలాగే కూర్చుని ఉన్నాడు.

పెద్దకార్యం రోజు వచ్చింది. చుట్టాలంతా చేరారు. పోలయ్య అందరి ముందూ సత్తెమ్మ కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నానింక సుక్కాని పట్టను. నీ ఉసురు నాకే తగల్నీ అమ్మా" అన్నాడు. అప్పుడు నూకరత్నం జనంలోంచి ముందుకొచ్చింది.

"అయ్యా" అంది. "నానే. ఆ పచ్చదీపం నీ మీద నానే ఏసినాను."

పోలయ్య తలెత్తి చూశాడు.

"ఎందుకే?" అన్నాడు మెల్లగా.

"నువ్వు మమ్మల్ని సూత్తావని."

కొడతాడనుకుంది. కొట్టలేదు. రెండు చేతుల్లో మొహం కప్పుకుని, ఇన్నాళ్ళూ రాని ఏడుపు ఏడ్చాడు. కాసులమ్మ ఏ ఒక్కరినీ పట్టుకోలేక ఇద్దరి మధ్యా నిలబడిపోయింది.

సత్తెమ్మ మాత్రం ఏడవలేదు. లేచి నిలబడింది. "బావా, లే. తప్పు నీది కాదని తెలిసింది. మల్లీ పడవెక్కి ఏటకెల్లు" అంది. ఆ తర్వాత నూకరత్నం వైపు తిరిగింది. "ఆ దీపాలు ఇంకా ఏయే ఇళ్ళలో ఉన్నాయో అక్కడికల్లా ఎల్లు. నువ్వేటి సేసినావో నీ నోటితోనే సెప్పు. నాకెదురు రాకు."

నూకరత్నం ప్రతి గుమ్మం ముందూ నిలబడి చెప్పింది. మొదటి గుమ్మం మంగది. "మా సిన్నయ్య సచ్చిపోయినాడు. నాను దీపం ఏసినాను" అనేది. అంతకంటే మాట వచ్చేది కాదు. కొందరు గొట్టాలు ఇచ్చేశారు. కొందరు తలుపేసుకున్నారు. ఒక తల్లి తన కూతురి చేతిలోది లాక్కుని, రోటి మీద పెట్టి పచ్చడి చేసేసింది. ఆ తర్వాత పండక్కి కొట్టువాడు మళ్ళీ వస్తే, ఆ గొట్టాలు సంచిలోంచి తియ్యనివ్వలేదు పేటవాళ్ళు.

పోలయ్య కొత్త పడవ ఎక్కాడు. ముందు కొసన వేరే మనిషి కూర్చున్నాడు. ఆ మనిషి "ఎడమకి" అన్నప్పుడల్లా పోలయ్య చెయ్యి ఒక్క క్షణం ఆగేది.

సత్తెమ్మ రోజూ సాయంత్రం ఒడ్డుకొచ్చేది. నూకరత్నం దూరంగా, ఆవిడ కంటపడకుండా నిలబడేది. ఏళ్ళు గడిచాయి. పిల్ల ఎదిగింది. ఒక సాయంత్రం సముద్రం బాగా పోటు మీద ఉంది. పడవని లాగడానికి ఒడ్డున మనుషులు చాల్లేదు. సత్తెమ్మ పడవకి కట్టిన మోకు పట్టుకుని ఒక్కత్తే లాగుతూ ఉంది. కాళ్ళు ఇసుకలో దిగబడుతున్నాయి. వెనక్కి తిరిగి నూకరత్నాన్ని చూసింది.

"పట్టు" అంది.

నూకరత్నం వచ్చి పిన్ని వెనక మోకు పట్టుకుంది. ఇద్దరూ లాగారు. పడవ ఒడ్డెక్కింది. సత్తెమ్మ మోకు వదిలేసి, చేతులు కొంగుకి తుడుచుకుని, వెనక్కి చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

ఏంటమ్మా? ఆ తర్వాతా? ఆ తర్వాత మాట్లాడిందా అంటావా? లేదు తల్లీ, మాట్లాడలేదు. కానీ పడవ వచ్చినప్పుడల్లా మోకు కొస నూకరత్నం కోసం ఇసుకలో వదిలిపెట్టేది. నూకరత్నం వెళ్ళి పట్టుకునేది.

ఇలా జరుగు, దుప్పటి కప్పుకో. 

కథ వెళ్ళి కంచి చేరింది,
కునుకు వచ్చి మంచం చేరింది.