మూడుసార్లు తట్టే తలుపు

దగ్గరికి జరిగి కూచోండి నాయనా. ముందు ఆ విఘ్నేశ్వరుడికి ఓ దణ్ణం పెట్టుకుందాం. పెట్టుకున్నారా? ఆ మూలనున్న చిట్టితల్లీ, నువ్వూ పెట్టుకో. ఆ, ఇక వినండి.

అనగనగా ఒక రాజు. ఆయన పేరు మణిధరుడు. ఆయన ఏలే రాజ్యం చంద్రవంక. ఏలే అన్నానా? తప్పు, తప్పు, లెంపలేసుకుంటున్నా. సింహాసనం ఆయనదే, కిరీటం ఆయనదే, ఆజ్ఞ మాత్రం ఆయనది కాదు. ఎప్పుడో ఆయన ముత్తాత, ఒక్కడి కోపానికి ఊళ్లకు ఊళ్లు తగలబడటం చూసి, దేవుడి ముందు దీపం వెలిగించి ఒట్టు పెట్టాడు. "ఇకమీదట మా వంశంలో ఎవరూ ఆజ్ఞాపించరు. జనం ఎన్నుకున్న నూరుగురు పెద్దలు సభ తీరి చట్టాలు చేస్తారు. మాకు మూడే హక్కులు. అడగొచ్చు, ధైర్యం చెప్పొచ్చు, హెచ్చరించొచ్చు."

మరి ఏడాది పొడుగునా ఆ రాజు ఏం చేస్తాడంటారా? బోలెడు పని! చైత్రంలో సభ తెరుస్తాడు. సభ చేసిన చట్టాల మీద, తనకు నచ్చినా నచ్చకపోయినా, ముద్ర వేస్తాడు. వానాకాలంలో వరదొచ్చిన ఊరికి వెళ్లి, మోకాటిలోతు బురదలో నిలబడి ఒక్కొక్కరి గోడూ వింటాడు. దసరాకి మంచి నేతగాళ్లకీ, మంత్రసానులకీ శాలువాలు కప్పుతాడు. దూరదేశపు రాయబారి వస్తే ఎదురెళ్లి కుశలం అడుగుతాడు.

వీటన్నిటిలో సభ తెరవడమే పెద్ద పని. చైత్ర దశమినాడు రాజు సభ వాకిటికి నడిచి వస్తాడు. ఆయన మొహం మీదే ధడాలున తలుపు వేసేస్తారు! నిజం నాయనా, అదే ఆచారం. లోపల నూరుగురూ ముందు ఒక సామాన్యుడి మొర వింటారు. రాజు మాట కన్నా సామాన్యుడి మొర ముందన్నమాట. అది తీరాక రాజు మూడుసార్లు తలుపు తట్టి, తన నోటితో "లోపలికి రావడానికి సెలవా?" అని అడుగుతాడు. నూరుగురూ ఒక్క గొంతుతో "సెలవు!" అంటారు. అప్పుడు లోపలికి వచ్చి, సభ రాసిచ్చిన తాటాకులు ఒక్క అక్షరం మార్చకుండా చదువుతాడు. పొద్దుగూకేలోపు రాజు అడగకపోతే ఆ ఏడాదికి సభ లేదు. సభ లేకపోతే చట్టం లేదు. చట్టం లేనిచోట బలమున్నవాడిదే రాజ్యం.

ఈ సంగతి ధూమకేశి అనే మాంత్రికుడి చెవిన పడింది.

దశమికి ఇరవై రోజులుందనగా, వాడు రాయబారి వేషంలో వచ్చాడు. రాజు ఎదురెళ్లి, "మీ దేశంలో అంతా కుశలమేనా?" అని నోరు తెరిచాడో లేదో, వాడు వెండి భరిణె మూత తీశాడు. మాట భరిణెలోకి జారిపోయింది. మూత టప్పున పడింది. రాజు పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు!

ధూమకేశి విరగబడి నవ్వాడు. "ఏడు సముద్రాల అవతల ముళ్లకొండ మీద నా చిలక ఉంది. నా ప్రాణం దాని గొంతులో ఉంది. మీ రాజు మాటా అక్కడికే పోయింది. దాన్ని పిసికితే రెండూ పోతాయి. దశమినాడు వస్తా. పొద్దుగూకగానే రాజ్యం నాది!"

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి దూసి మొదటి సముద్రం దగ్గరికి వెళ్లాడు. ఒడ్డున కొండంత తాబేలు. "ఏయ్, వీపు వంచు! నేను యువరాజుని!" అన్నాడు. తాబేలు బుడుంగున మునిగిపోయింది. రెండోవాడు వెళ్లాడు. "వంచుతావా, చంపమంటావా?" అన్నాడు. తాబేలు మళ్లీ బుడుంగుమంది. ఇద్దరూ తడిసిన బట్టలతో తిరిగొచ్చారు.

మూడోవాడు నీలకేతు. బయల్దేరబోతుంటే అన్నలు ఎగతాళి చేశారు. "కత్తి లేదు, సైన్యం లేదు. ఏం పట్టుకెళ్తావురా తమ్ముడూ?"

"నాన్నగారి మూడు హక్కులూ ఉన్నాయిగా అన్నయ్యా" అన్నాడు నీలకేతు.

సభ వాకిట ద్వారపాలకుడు భైరవయ్య, ఆయన కూతురు చెంగల్వ నిలబడి ఉన్నారు. తలుపు గడియ తండ్రి చేతిలో ఉంటుంది. మొరలు అందుకునే చిన్న కిటికీ కూతురి చేతిలో ఉంటుంది.

"బాబూ, పొద్దు ఎవరి కోసమూ ఆగదు. మీ కోసం నేను ఆచారం తప్పను, ముందే చెప్తున్నా" అంది చెంగల్వ.

"తప్పొద్దు" అన్నాడతను.

ఒడ్డుకు వెళ్లి చేతులు జోడించాడు. "తాబేలు తాతా, నీ వీపెక్కడానికి సెలవా?"

తాబేలు మెడ సాచి చూసింది. "మూడొందల ఏళ్లలో నన్ను అడిగినవాడు నువ్వొక్కడివే. ఎక్కు నాయనా!"

ఒక సముద్రం దాటారు. రెండు దాటారు. మూడు దాటారు. పద్దెనిమిది రోజులకు ఏడూ దాటారు. ఎదురుగా ముళ్లకొండ. కాలు పెట్టే సందు లేదు! కింద ఒక గండభేరుండం రెక్కలు ముడుచుకుని కూచుని ఉంది.

"గాలివానలో రెక్క విరిగింది. అతుక్కుంది కానీ ఎగరాలంటే గుండె దడ" అంది.

ఎగరమని చెప్పే హక్కు అతనికి లేదు. పక్కన కూచుని ఆ రెక్క నిమిరాడు. "నీలో బలం పోలేదమ్మా, భయం మిగిలింది. నేనూ భయపడుతున్నా. ఇద్దరం కలిసి భయపడదాం రా." పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అలా చెబుతూనే ఉన్నాడు. చివరికి గండభేరుండం లేచింది, ఊగింది, ఎగిరింది! అతన్ని కొండమీద దింపింది.

అక్కడ ఎండిన చెట్టు. కొమ్మకు పంజరం, పంజరంలో చిలక. చెట్టుకు తాటిమానంత పాము చుట్టుకుని ఉంది. పడగ ఎత్తింది. ఊపిరి సెగ తగిలి అతని కనురెప్పలు మాడాయి. అయినా కదల్లేదు.

"నాగమ్మా, నన్ను తర్వాత కరుద్దువు గానీ, ముందొక మాట విను. పైనుంచి చూశాను, సముద్రం పోటెక్కుతోంది. తీరాన ఇసుకలో ఉన్న గుడ్లు నీవేనా? ఇంకో ఘడియలో కొట్టుకుపోతాయి."

పాము అతని కళ్లలోకి చూసింది. అబద్ధం కనబడలేదు. బాణంలా కిందికి జారిపోయింది.

చిలక నోరు తెరిచింది. అచ్చం నాన్నగారి గొంతు! నీలకేతుకి కళ్లనీళ్లు తిరిగాయి.

"ధూమకేశి ఒక్కడి ఆజ్ఞతో నన్ను బంధించాడు. నూరు నోళ్లు ఒక్కసారిగా 'సెలవు' అంటే గానీ ఈ ముడి వీడదు. అది వీడితే వాడి ప్రాణం గాలిలో కలుస్తుంది, మీ నాన్న మాట ఆయనకు చేరుతుంది. నూరు నోళ్లు ఎక్కడ దొరుకుతాయి నాయనా?"

"దొరికే చోటు నాకు తెలుసు" అన్నాడు నీలకేతు. అప్పటికి నవమి మధ్యాహ్నం. పంజరం గుండెకు హత్తుకుని గండభేరుండం ఎక్కాడు.

ఇక్కడ చంద్రవంకలో దశమి సాయంత్రమైంది. మణిధరుడు మూసిన తలుపు ముందు పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నాడు. పక్కన ధూమకేశి. వాణ్ణి చూసి హడలి, మొర చెప్పుకోవడానికి ఒక్క మనిషీ ముందుకు రాలేదు. మొర వినందే రాజు తలుపు తట్టకూడదు. తట్టినా, అడగడానికి గొంతేదీ?

"ఎందుకయ్యా ఈ అవస్థ?" అన్నాడు ధూమకేశి తియ్యగా. "నీ వెనక సైన్యం ఉంది. తల ఒక్కసారి ఊపు, తలుపు పగలగొట్టి లోపలికి పోదాం. నువ్వు నిజమైన రాజువవుతావు, నేను నీ మంత్రినవుతా. నీ గొంతు ఇప్పుడే ఇచ్చేస్తా."

రాజు తల కదల్లేదు. పొద్దు కొండ అంచును తాకింది. లోపల భైరవయ్య గడియ పట్టుకుని అమ్మవారిని తలుచుకుంటున్నాడు. సగం పొద్దు మునిగింది. ముప్పాతిక మునిగింది.

పైన రెక్కల చప్పుడు!

నీలకేతు దూకి కిటికీ వైపు పరుగెత్తాడు. "చెంగల్వా! మొర తెచ్చాను!"

"ఎవరిది? రాజకుటుంబం మొర చెల్లదు!"

"నాది కాదు. ఈ చిలకది. రాజ్యంలో దీనికన్నా సామాన్యులు లేరు."

చెంగల్వ కిటికీ తెరిచింది. "చిలకా, నీ మొర నువ్వే చెప్పుకోవాలి."

"చిలకా! నోరు ముయ్యి!" అని గర్జించాడు ధూమకేశి. చిలక ముక్కు ఠక్కున మూసుకుంది. వాడు పంజరం మీదికి చెయ్యి చాచాడు. గొంతు లేని రాజు ఒక్క అడుగు వేసి వాడికీ పంజరానికీ మధ్య నిలబడ్డాడు. వాడి చేతిమంట ఆయన భుజం కాల్చింది. ఆయన జరగలేదు.

పొద్దు గోరంత మిగిలింది.

నీలకేతు చిలకతో మెల్లిగా అన్నాడు. "నిన్ను మాట్లాడమని నేను చెప్పను. చెప్పేవాళ్లు నీకు చాలామంది ఉన్నారు. ఒకటి చెప్తా విను. మా నాన్న నీ కోసం కాలుతూ నిలబడ్డాడు. నువ్వు మాట్లాడినా, మాట్లాడకపోయినా, ఆయన జరగడు."

చిలక వణికింది. మెడ ఉబ్బింది. ముక్కు ఒక్క రవ్వ తెరుచుకుంది.

"నేను... వెళ్లిపోవడానికి... సెలవా?"

లోపలి నుంచి నూరు గొంతులు ఒక్కటై, గోడలు అదిరేలా, "సెలవు!"

పంజరం విచ్చుకుంది. చిలక రివ్వున ఎగిరింది. ధూమకేశి ఉన్నచోట గుప్పెడు పొగ, అదీ గాలికి పోయింది.

మణిధరుడు ముందుకు నడిచాడు. తట్టాడు. మళ్లీ తట్టాడు. మూడోసారి తట్టాడు. "లోపలికి రావడానికి సెలవా?" సొంత గొంతు!

"సెలవు!" అన్నారు నూరుగురూ. తలుపు తెరుచుకునేసరికి కొండమీద పొద్దు దారప్పోగంత మిగిలి ఉంది. అంతా స్వామి దయ.

మర్నాడు నీలకేతు ఆ చిన్న కిటికీ తట్టాడు. "చెంగల్వా, నిన్ను పెళ్లాడటానికి సెలవా?" ఆ పిల్ల అతని మొహం మీదే కిటికీ వేసేసింది! మళ్లీ తట్టాడు. తియ్యలేదు. మూడోసారి తట్టాడు.

"ఆచారం తప్పనని చెప్పానా లేదా? మూడుసార్లు తట్టాల్సిందే" అంటూ నవ్వి తెరిచింది.

అన్నలిద్దరూ సిగ్గుపడి, తండ్రి తర్వాత సింహాసనానికి తగినవాడు తమ్ముడేనని సభకు చెప్పుకున్నారు. సభ సరేనంది. తండ్రి తర్వాత నీలకేతు అరవై ఏళ్లు సింహాసనం మీద కూచున్నాడు. బురదలో నడిచాడు, శాలువాలు కప్పాడు, ముద్రలు వేశాడు. ఒక్క ఆజ్ఞా ఇవ్వలేదు. గడియ మాత్రం భైరవయ్య తర్వాత చెంగల్వ చేతికొచ్చింది. ఏటా చైత్ర దశమినాడు రాణిగారే ధడాలున రాజుగారి మొహం మీద తలుపు వేసేది. అరవైసార్లు వేసింది. అరవైసార్లూ ఆయన బయట నిలబడి, నవ్వుకుంటూ, తన వంతు కోసం ఎదురుచూశాడు.

వాళ్లని చల్లగా చూసిన ఆ స్వామే మిమ్మల్నీ చల్లగా చూస్తాడు. ఇక లేచి ఇళ్లకు వెళ్దామా? అదిగో, చూశారా, నేనూ మిమ్మల్ని అడగాల్సిందే. సెలవా?