ఎలుగుబంటి కొన్న ఈటెల కొట్టు

అనగనగా ఒక అడవి. ఆ అడవికి రాజు సింహమే, కాని ఈ కథలో దానికి పని లేదు. పడుకోనిద్దాం. మన కథంతా వాగు ఒడ్డున, సింగారమ్మ కొట్టు దగ్గర జరిగింది.

సింగారమ్మ ఒక ముళ్ళపంది. నవ్వకండి, వాళ్ళమ్మ ముద్దుగా పెట్టుకున్న పేరు. ఆమె చేపలు పొడిచే ఈటెలు చేసేది. తన ఒంటినుంచి రాలిన ముల్లును వెదురు కర్ర చివర పెట్టి, నారతో గట్టిగా బిగించేది. తర్వాత ఆ మొనను నల్లరాతి మీద టక్, టక్, టక్ అని మూడుసార్లు మోదేది. విరిగిందా, పొయ్యిలోకి. నిలిచిందా, కొనేవాళ్ళ చేతిలోకి. పదింటిలో నాలుగు పొయ్యిలోకే పోయేవి. మిగిలిన ఆరూ ఏళ్ళ తరబడి ఉండేవి.

ఒక ఏడాది సింగారమ్మకు నడుం పట్టేసింది. వెదురు కొట్టి మోసుకురావడం ఆమెవల్ల కాలేదు. సరిగ్గా అప్పుడే కొండ అవతలినుంచి భూపతి వచ్చాడు. భూపతి ఎలుగుబంటి. వలల కొట్టు ఆయనదే, ఉచ్చుల కొట్టూ ఆయనదే. ఇప్పుడు ఈటెల కొట్టు కూడా కొనేశాడు.

"అమ్మా, మీ పని మీరు చేసుకోండి. వెదురు నేను తెప్పిస్తాను. ఇక్కడ ఏదీ మారదు," అన్నాడు.

నిజంగానే ఏదీ మారలేదు. అదే ముల్లు, అదే వెదురు, అవే మూడు దెబ్బలు. కొట్టు ముందున్న చెక్క మీద మాత్రం ఎలుగుబంటి పంజా గుర్తు పడింది. అంతే! అడవంతా గగ్గోలు.

మొదట అప్పలసామి అనే బావురుపిల్లి ఈటె పట్టుకుని వచ్చాడు.

"చూడండి, ఎంత బరువుందో! కొట్టు చేతులు మారిందో లేదో, సరుకు పాడైంది," అని అరిచాడు.

సింగారమ్మ ఆ ఈటెను తిప్పి చూసింది. "ఇది నువ్వు నిరుడు కొన్నది కదా నాయనా! రాత్రంతా వాగులో వదిలేశావా? నీళ్ళు తాగి బరువెక్కింది," అంది.

"నిరుడు ఇంత బరువు లేదు," అని అప్పలసామి చరచరా వెళ్ళిపోయాడు.

తర్వాత కొంగ మేష్టారు వచ్చాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక ఒక్క ఈటె కూడా కొనలేదు. ఎందుకు కొంటాడు? ముక్కుంది కదా! అయినా బండరాయెక్కి, ఒంటికాలి మీద నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"ఆ రోజుల్లో ఈటెలంటే ఈటెలు! ఇప్పుడున్నవి పుల్లలు! మన వాగు పరువు గంగలో కలిసిపోయింది!"

అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో గవరమ్మ కూడా ఉంది. ఆమె నీటికుక్క. ఇంట్లో ముగ్గురు పిల్లలు. వాళ్ళకు తిండి పెట్టాలంటే సింగారమ్మ చేసిన ఈటే ఆధారం. దాని మొన సూదిలా ఉంది, కర్ర బాణంలా ఉంది. ఒక్క వంక లేదు. కాకపోతే నిన్న కంగారుపడి ఒక వాలుగ చేపను జారవిడుచుకుంది.

గవరమ్మ ఆలోచించింది. 'ఇంతమంది తిడుతుంటే నేనొక్కదాన్నే బాగుందంటే ఏమనుకుంటారు? ఏమీ తెలియని మొద్దు అనుకోరూ?' గబగబా ముందుకొచ్చింది.

"నా ఈటె వంకరపోయింది! నిన్న దీనివల్లే పెద్ద వాలుగ తప్పించుకుంది," అంది.

భూపతికి మనసు చివుక్కుమంది. తానే బయటికొచ్చి, ఆ ఈటెతో పక్కనున్న దుంగను పది పోట్లు పొడిచాడు. పదీ ఒక్కచోటే దిగాయి.

"ఏదమ్మా వంకర?" అని అడిగాడు.

గవరమ్మ ముఖం ఎర్రబడింది. కాని చుట్టూ అందరూ చూస్తున్నారు. "మీ చేతిలో తిన్నగా పోతుంది. నా చేతిలో వంకరే," అంది.

అందరూ మళ్ళీ చప్పట్లు కొట్టారు.

"సరే, అది ఇక్కడ పెట్టు. రేపొచ్చి కొత్తది తీసుకో," అన్నాడు భూపతి. పాత ఈటెను అటుగా పోతున్న ప్రయాణికుడికి ఇచ్చేశాడు. లోపలికొచ్చి చతికిలబడ్డాడు.

"బాగా చేసినా తిడతారు, పాడుచేసినా తిడతారు. ఇక బాగా చెయ్యడమెందుకు? అమ్మా సింగారమ్మా, రేపటినుంచి ఆ రాతి దెబ్బలు మానేద్దాం. పదికి పదీ అమ్ముడుపోతాయి."

"అయ్యా, ఆ మూడు దెబ్బల్లోనే ఉందయ్యా ఈటె ప్రాణం!" అని సింగారమ్మ గిలగిల్లాడింది.

"మంచీ చెడూ తెలియనివాళ్ళకు దెబ్బలున్నాయో లేవో ఏం తెలుస్తుంది?" అని భూపతి తేనెపట్టులోంచి మైనం తీసి, రెండు ఉండలు చేసి, రెండు చెవుల్లో కుక్కుకున్నాడు. ఆ రోజునుంచి ఎవరేం అరిచినా హాయిగా నవ్వుతూ తలూపేవాడు.

మర్నాడు గవరమ్మ కొత్త ఈటె తెచ్చుకుంది. తనే గెలిచానని వీధంతా చెప్పుకుంది.

ఇంతలో తొలకరి పడింది. తొలకరి పడితే చేపలు గుంపులు గుంపులుగా వాగుకు ఎదురెక్కుతాయి. ఏడాదికి మూడు రోజులే ఆ సందడి. ఆ మూడు రోజుల్లో పట్టి, పొగబెట్టి దాచుకున్న చేపలే గవరమ్మ పిల్లలకు వానాకాలమంతా తిండి.

మొదటి రోజు పొద్దున్నే గవరమ్మ నీళ్ళలోకి దిగింది. ఇంత లావు చేప వచ్చింది. గురిచూసి పొడిచింది. ఫట్! మొన విరిగి నీళ్ళలో పడింది. చేప తోక ఊపుకుంటూ వెళ్ళిపోయింది.

గవరమ్మ ఏడుస్తూ కొట్టుకు పరుగెత్తింది. "విరిగింది! ఈసారి నిజంగా విరిగింది!"

భూపతి నవ్వుతూ తలూపాడు.

"నిజం బాబూ! మొన చూడండి!"

భూపతి ఇంకా బాగా నవ్వాడు. విరిగిన కర్ర చూపిస్తే ఇటు చూడనైనా లేదు. రోజూ ఎవరో ఒకరు ఏదో ఒకటి చూపిస్తూనే ఉన్నారు మరి.

రెండో రోజు చేతులతో పట్టబోయింది. వాగు ఉరవడికి కొట్టుకుపోయి, వేరు పట్టుకుని బతికి బయటపడింది. ఆ రాత్రి పిల్లలు ఆకలితో పడుకున్నారు.

మూడో రోజు సింగారమ్మ దగ్గరికి వెళ్ళింది. "అత్తా, నువ్వైనా నమ్ముతావా?"

"నమ్ముతానే. కాని నమ్మాల్సింది ఆయన. చెవులు మూసుకున్నాడు గాని, కళ్ళు మూసుకోలేదు కదా!" అంది సింగారమ్మ.

గవరమ్మ కొట్టు ముందుకు వచ్చింది. అందరూ చూస్తుండగా రెండు చెవులూ పట్టుకుని గుంజీలు తీయడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు... తిట్టేవాళ్ళను చూశాడు గాని, గుంజీలు తీసేవాళ్ళను భూపతి ఎన్నడూ చూడలేదు. వింతపడి మైనం తీసేశాడు.

"ఏమైందమ్మా?"

"ఆ రోజు నా ఈటె వంకర లేదు బాబూ. నా కంగారువల్ల చేప పోయింది. అందరితోపాటు నేనూ అబద్ధమాడాను. నాదే తప్పు. కాని ఇది మాత్రం నిజంగా విరిగింది," అని వెక్కి వెక్కి ఏడ్చింది.

భూపతి కొట్లోంచి ఒక కొత్త ఈటె తీసి నల్లరాతి మీద మోదాడు. ఫట్! ఇంకొకటి. ఫట్! మూడోది రాయి తగలకముందే ఊడింది. ఆయనకు తల కొట్టేసినట్టైంది.

"మీ మీద కోపంతో నా బుద్ధి గడ్డి తింది. అమ్మా సింగారమ్మా, మొదలుపెట్టండి మీ దెబ్బలు!" అన్నాడు.

టక్, టక్, టక్. సింగారమ్మ చేసిన ఈటె నిలిచింది. గవరమ్మ దాన్ని అందుకుని వాగుకు పరుగెత్తింది. కాని అప్పటికే పొద్దు వాలింది. చేపల గుంపులు పైకి వెళ్ళిపోయాయి. వెనకబడ్డవి నాలుగంటే నాలుగు దొరికాయి.

అవి నాలుగు రోజులు కూడా రాలేదు. ఆ వానాకాలమంతా ఇంట్లో పీతలే, నత్తలే.

"అమ్మా, ఇవాళ కూడా పీతలేనా? ఈటె మంచిది కాదా?" అని అడిగింది చిన్నపిల్ల.

ఇంటి ముందు అప్పలసామి ఉన్నాడు, కొంగ మేష్టారూ ఉన్నాడు. ఇద్దరూ చెవులు రిక్కించారు. గవరమ్మ గొంతు పెంచి మరీ చెప్పింది.

"ఈటె మంచిదే తల్లీ. నోరే మంచిది కాదు. తిను."

నీతి: నలుగురూ తిడుతున్నారని మంచిదాన్ని తిట్టేవాడికి, నిజంగా చెడ్డది చేతికొచ్చిన రోజున చెప్పినా వినేవాళ్ళుండరు.